స్త్రీల ఒంటరి ప్రయాణం – చరిత్ర మనకు చెప్పే మాట

ఈ సావనీరుకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసి ఇవ్వవలసిందని కార్యదర్శిగారు కోరినారు. మేము ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెప్పుకొనేవారము. తెలుగు మాట్లాడటం చిన్ననాటినుండి వచ్చినా, వ్రాయటంలో చేయి ఇంకా తడబడుతూనే ఉంటుంది. తప్పులుంటే పెద్దలు మన్నించి, విషయాన్ని మాత్రం మనసుకు పట్టించుకోవలెనని మనవి.

చరిత్ర వ్యాసమంటే నవాబులు, కోటలు, యుద్ధాలు అని మనకు అలవాటైపోయింది. ఈసారి మేము ఎంచుకొన్న విషయం చూడటానికి చిన్నది. ఒక స్త్రీ ఒంటరిగా, భయం లేకుండా ఒక ఊరినుండి ఇంకొక ఊరికి పోయి, పని చూసుకొని, క్షేమంగా ఇల్లు చేరగలదా? ఇంతే ప్రశ్న. కాని ఏ రాజ్యం గొప్పతనాన్నయినా ఈ ఒక్క ప్రశ్నతో తూచవచ్చునని మన చరిత్రే చెబుతున్నది.

ఈ విషయం మీదికి మా మనసు పోవటానికి ఒక కారణమున్నది. పద్దెనిమిది ఏళ్ళ క్రిందట మా దగ్గర చదివిన ఒక అమ్మాయి పదవ తరగతి మంచి మార్కులతో పాసయింది. విశాఖపట్నంలో కాలేజీలో చేరతానన్నది. వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, రోజూ బస్సులో అంత దూరం అకేలీ ఎలా పంపమంటారు? బస్టాపు దగ్గర కుర్రాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు" అన్నారు. మేము కాసేపు ఆలోచించి, "ఒక్క ఏడాది ఆగి చూద్దాం భాయ్" అన్నాము. ఆ ఏడాది ఆగటం ఆగటమే అయింది. మరుసటి సంవత్సరం సంబంధం వచ్చింది, నిఖా జరిగిపోయింది. ఆ అమ్మాయి సుఖంగానే ఉన్నది, అల్హమ్దులిల్లాహ్. కాని మేము అన్న ఆ ఒక్క మాట మా మెడలో ముల్లులాగా ఉండిపోయింది. ఆ సంగతి చివర మళ్ళీ చెప్పుకొందాం. ముందు చరిత్రలోకి పోదాం.

హాతిమ్ తాయి కుమారుడు విన్న మాట

హాతిమ్ తాయి పేరు వినని వారు మనలో ఉండరు. దానగుణానికి ఆయన పేరే ఒక సామెత. ఆయన కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధిలో కూర్చొని ఉండగా జరిగిన సంగతి ఒకటి సహీహ్ బుఖారీలో ఉన్నది. ఒక మనిషి వచ్చి తన పేదరికం చెప్పుకొన్నాడు. ఇంకొకడు వచ్చి దారిదోపిడీల గురించి మొరపెట్టుకొన్నాడు. అప్పుడు దైవప్రవక్త (స) అదీవైపు తిరిగి, హీరా పట్టణం చూసినావా అని అడిగినారు. చూడలేదు, విన్నాను అన్నారు ఆయన. నీవు దీర్ఘాయుష్మంతుడవైతే, ఒక స్త్రీ ఒంటె అంబారీలో హీరా నుండి బయలుదేరి వచ్చి కాబా ప్రదక్షిణ చేయటం చూస్తావు, ఆమెకు అల్లాహ్ భయం తప్ప మరే భయమూ ఉండదు, అని దైవప్రవక్త (స) సెలవిచ్చినారు.

హీరా అనేది నేటి ఇరాక్‌లో కూఫా నగరానికి దగ్గరలో ఉండిన పాత పట్టణం. అక్కడినుండి మక్కాకు ఎడారి దారి సుమారు 1,400 కిలోమీటర్లు. అంత దూరం ఒక స్త్రీ భయం లేకుండా రావటమనేది రాబోయే మంచికాలానికి గుర్తుగా చెప్పబడినది. కోటలు కట్టటం కాదు, ఖజానాలు నిండటం కాదు, మొదట చెప్పిన గుర్తు ఇది.

ఇక్కడ గమనించదగిన విషయం ఇంకొకటున్నది. ఆ మాట వినగానే హజ్రత్ అదీ మనసులో ఒక సందేహం పుట్టింది. మరి దేశమంతా నిప్పు పెడుతున్న ఆ తయ్ తెగ దొంగలు అప్పుడు ఏమైపోతారు, అనుకొన్నారు. తయ్ తెగ అంటే ఎవరిదో కాదు, ఆయన సొంత తెగ! "ఆ ఆడమనిషి ఒంటరిగా ఎందుకు వస్తుంది, వెంట ఎవరు వస్తారు" అని ఆయన అనుకోలేదు. "మావాళ్ళు ఏమైపోతారు" అనుకొన్నారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క సందేహంలోనే ఉన్నది. అదీ (రజి) చాలాకాలం జీవించి కూఫాలో స్థిరపడినారు. హీరా నుండి బయలుదేరి భయం లేకుండా కాబా చేరిన స్త్రీని తాను కళ్ళారా చూసినట్లు ఆయనే చెప్పినారు.

బావులు తవ్వించిన బేగం

దారి దానంతటదే క్షేమం కాదు. ఎవరో ఒకరు పూనుకొని చేయాలి. హీరా పక్కనున్న కూఫా నుండి మక్కాకు పోయే ఆ దారినే నేటికీ చరిత్రలో దర్బ్ జుబేదా, అనగా జుబేదా మార్గం అంటారు. ఖలీఫా హారూన్ రషీద్ బేగమే ఈ జుబేదా. ఆమెకు ముందు ఖలీఫాలు కూడా ఆ దారిలో మైలురాళ్ళు, చిన్న కోటలు కట్టించినారు. జుబేదా బేగం తన సొంత ధనంతో బావులు, నీటి కుంటలు, విడిదులు కట్టించింది. మక్కాకు, అరఫాత్ మైదానానికి నీరు తెప్పించిన కాలువ కూడా ఆమె పేరనే ఐన్ జుబేదా అయింది. క్రీస్తుశకం 831లో ఆమె చనిపోయినా ఆమె కట్టించిన కుంటలు కొన్ని ఆ ఎడారిలో ఇప్పటికీ ఉన్నవి.

ఆ దారిన పోయే స్త్రీకి ధైర్యం ఎక్కడినుండి వచ్చింది? గుండెలో ఈమాన్ ఉండాలి, నిజమే. దానితోపాటు మజిలీ మజిలీకి ఒక బావి, కోటలో ఒక కాపలావాడు, తల దాచుకోను ఒక విడిది కూడా ఉండాలి. ఒంటరి ప్రయాణికురాలు నిజానికి ఒంటరి కాదు. ఆమె వెనుక బావి తవ్వినవాడున్నాడు, దీపం పెట్టినవాడున్నాడు, దొంగను పట్టినవాడున్నాడు.

ఇంకా వెనక్కి పోతే, హజ్రత్ హాజిరా (అలై) సంగతి మనందరికీ తెలిసినదే. నీళ్ళు లేని లోయలో పసిబిడ్డతో ఒంటరిగా, సఫా మర్వా గుట్టల మధ్య ఆ తల్లి పెట్టిన పరుగునే ఈనాటికీ లక్షలమంది మగవారు కూడా హజ్‌లో నడుస్తున్నారు. ఒక ఒంటరి స్త్రీ అడుగుజాడలు మన ధర్మవిధిలో భాగమైనవి.

సూరత్ రేవులో నిరీక్షణ

ఇప్పుడు మన దేశానికి వద్దాం. బాబర్ పాదుషా కుమార్తె గుల్‌బదన్ బేగం, తన ఏభై ఏళ్ళు దాటిన వయసులో, 1575లో ఫతేపూర్ సిక్రీ నుండి హజ్‌కు బయలుదేరింది. వెంట అక్బర్ బేగం సలీమా సుల్తాన్, రాజకుటుంబపు మరికొందరు స్త్రీలు. పెద్దరికమంతా గుల్‌బదన్ బేగానిదే. పాదుషా మేనత్త అయినా దారి తేలికగా దొరకలేదు. అప్పట్లో అరేబియా సముద్రంలో పోర్చుగీసువారి అనుమతి చీటీ లేనిదే ఓడ కదిలేది కాదు. సూరత్ రేవులో వారు చాలాకాలం కాచుకొని 1576లో ఓడ ఎక్కినారు. అరేబియాలో సుమారు మూడున్నర ఏళ్ళు ఉండి నాలుగుసార్లు హజ్ చేసినారు. తిరుగు ప్రయాణంలో ఓడ దెబ్బతిని ఏడెన్‌లో నెలల తరబడి చిక్కుబడినారు. 1582లో గాని ఇల్లు చేరలేదు. ఆ తరువాతనే ఆమె హుమాయూన్ నామా వ్రాసింది.

ఆ తరువాత 1863-64లో భోపాల్‌ను పాలించిన నవాబ్ సికందర్ బేగం పెద్ద పరివారంతో బొంబాయి నుండి ఓడలో హజ్‌కు పోయి వచ్చి, తాను చూసిన మంచీ చెడూ దాపరికం లేకుండా వ్రాసిపెట్టింది. ఆ రచన 1870లో ఇంగ్లీషులో అచ్చయింది. కలవారి ఆడవారు ఇట్లా పరివారంతో పోయినారు. మరి పరివారం లేనివారి సంగతి?

మగవారు కూడా ఒంటరిగా పోని రోజులు

ఈ సంగతికి మన తెలుగువారి పుస్తకమే సాక్ష్యం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. తిరుగు దారి మన సముద్రతీరపు జిల్లాల మీదుగానే సాగింది. ఆయన మగవాడు, చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసినవాడు, పలుకుబడి గలవాడు. అయినా ఒంటరిగా పోలేదు. దాదాపు వందమంది వెంట ఉన్నారు. బోయీలు, కావళ్ళవాళ్ళు, కాపలావాళ్ళు. ఎందుకు? దారిలో దొంగలు, ఠగ్గులు, అడవి మృగాలు, జ్వరాలు. బాటసారులను నమ్మించి చంపే ఠగ్గులను కంపెనీ ప్రభుత్వం అణచివేయటం మొదలుపెట్టినది సరిగ్గా ఆ కాలంలోనే.

అనగా ఆ రోజుల్లో తోడు లేనిదే ప్రయాణం చేయరాదన్న నియమం ఆడవారికే గాక మగవారికి కూడా ఉండేది. దారి బాగుపడిన కొద్దీ మగవాడు తోడు లేకుండా పోవటం నేర్చుకొన్నాడు. ఈనాడు మన కుర్రవాడు ఒక్కడే రాత్రి బండెక్కి హైదరాబాదు పోతానంటే మనం "టికెట్టు జాగ్రత్త" అంటాము, అంతే. వందమంది పరివారం ఏదిరా అని ఎవరూ అడగరు. దారి మారితే మగవాని నియమం మారింది. ఆడపిల్ల నియమం మాత్రం 1830లో ఉన్నచోటే ఎందుకు నిలిచిపోయింది? పెద్దలు ఆలోచించవలెను.

ఇక్కడ మహరమ్ విషయం కూడా ఒక మాట. మేము ఆలిములము కాము, ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు. చరిత్రగా తెలిసినది మాత్రం చెబుతున్నాము. దూరప్రయాణానికి భర్తగాని మహరమ్‌గాని తోడు ఉండాలని మనం అనుసరించే హనఫీ మజ్‌హబ్ చెబుతుంది. విధిగా చేయవలసిన హజ్‌కు నమ్మకమైన స్త్రీల బృందంతో పోవచ్చునని షాఫయీ, మాలికీ మజ్‌హబ్‌లు అంగీకరించినవి. హజ్రత్ ఉమర్ (రజి) తన చివరి హజ్ సంవత్సరంలో దైవప్రవక్త (స) పవిత్ర సతీమణులకు హజ్‌కు అనుమతి ఇచ్చి, రక్షణగా హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గార్లను వెంట పంపినారు. వీటన్నిటి వెనుక ఉన్న కోరిక ఒక్కటే, ప్రయాణించే స్త్రీ క్షేమం. ఆ క్షేమం ఎట్లా సమకూర్చాలనేదే ప్రతి కాలం ముందూ ఉన్న ప్రశ్న.

రైలుపెట్టెలో ఒక గది

రైలు వచ్చిన తరువాత ఆ ప్రశ్నకు చట్టం ఒక జవాబు చెప్పింది. 1890 నాటి రైల్వే చట్టం ప్రకారం, 1891 జనవరి 1 నుండి ప్రయాణికులను తీసుకుపోయే ప్రతి రైలులోనూ కింది తరగతిలో కనీసం ఒక గది స్త్రీలకే ప్రత్యేకంగా ఉంచవలెను. రైలు ఏభై మైళ్ళకు మించి పోయేదయితే ఆ గదికి మరుగుదొడ్డి కూడా ఉండవలెను. ఇందులో కింది తరగతి అన్న మాట ముఖ్యమైనది. పల్లకీ, పరదా, పరివారం గల బేగములకు కాదు, మూడవ తరగతి టికెట్టు కొనుక్కొనే బీద స్త్రీకి ఇచ్చిన హక్కు అది.

మన తీరపు రైలుమార్గం బెజవాడ, కటకం మధ్య 1893 నుండి 1896 లోపల అంచెలంచెలుగా తెరుచుకొన్నది. మూటాముల్లె పట్టుకొని ఆడవారు పుట్టింటికి, ఉరుసులకు, తీర్థాలకు రైలెక్కటం ఆ తరువాత మామూలయిపోయింది. బండిలో రోజుల తరబడి పోవలసిన దారి ఒక్క పూట అయినప్పుడు భయం కూడా దానితోపాటే తగ్గింది.

మన భీమిలి సంగతి

మన భీమునిపట్నం ప్రయాణాల ఊరు. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట డచ్చివారు పదిహేడవ శతాబ్దంలోనే వర్తకం పెట్టినారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లో మునిసిపాలిటీ అయింది. దేశంలోనే పాత మునిసిపాలిటీలలో ఒకటని మనం గర్వంగా చెప్పుకొంటాము. 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఓడ ఒడ్డుకు రాలేదు గనుక దూరాన లంగరు వేస్తే, మనుషులను, సరుకును మసూలా పడవల్లో అలల మీదుగా చేర్చేవారు. ఇక్కడినుండి ఎంతోమంది కూలీలు బర్మాకు ఓడలెక్కి పోయినారు. మన ప్రాంతపు గోగునారకు విదేశీ బజార్లలో బిమ్లి జూట్ అనే పేరే స్థిరపడిపోయింది. రైలు మాత్రం మన ఊరికి రాలేదు, విజయనగరం మీదుగా లోపలినుండి పోయింది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకొన్నాక పెద్ద వర్తకమంతా అటే మళ్ళింది.

ఒకసారి ఆలోచించండి. భీమిలి గోగునార సముద్రాలు దాటింది. భీమిలి మగవాడు రంగూను చూసినాడు. భీమిలి ఆడపిల్ల సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరానున్న విశాఖపట్నం పోయి చదువుకోవటం మాత్రం ఇల్లంతా కూర్చొని చర్చించవలసిన విషయమైనది!

ఆడవారు అసలు తిరగలేదా అంటే, తిరిగినారు. తెల్లవారకముందే చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగే మత్స్యకార స్త్రీలను చూస్తూనే మనం పెరిగినాము. వారికి తోడెవరు? మన వాడలలోనూ గాజుల బుట్ట పట్టుకొని పల్లెపల్లెకూ పోయి, ముత్తయిదువల చేతులకు గాజులు తొడిగి, పొద్దుగూకే లోపల ఇల్లు చేరిన ఖాలాలు, నానీలు ఉండేవారు. వారికి ఏ ఊరిలో నీళ్ళు అడగవచ్చునో, ఏ ఇంటి అరుగు మీద కూర్చోవచ్చునో, ఏ దారిన చీకటి పడ్డాక పోరాదో అన్నీ తెలుసు. వారి సంపాదన మీద మన ఇళ్ళు నిలిచినవి, వారి పిల్లలే తరువాత ఉద్యోగస్తులయినారు. ఇంట్లో నాలుగు రూపాయలు చేరగానే మాత్రం "మన ఆడవాళ్ళు ఒంటరిగా బయటికి పోరు" అని గొప్పగా చెప్పుకోవటం నేర్చుకొన్నాము. బీదరికంలో పోయినది మన నానీయే. ఆమె ధైర్యాన్ని మరచిపోవటం మర్యాద కాదు.

హజ్ దారిలో వచ్చిన మార్పు

ఇటీవలి చరిత్ర కూడా తెలుసుకోవలెను. 2018 హజ్ నుండి, 45 సంవత్సరాలు దాటిన స్త్రీలు నలుగురు లేక అంతకు మించి జట్టుగా కలిసి మహరమ్ లేకుండా పోవటానికి మన ప్రభుత్వం అవకాశమిచ్చింది. తమ మజ్‌హబ్ అంగీకరించిన వారికే ఈ అవకాశం. మొదటి సంవత్సరమే వెయ్యిమందికి పైగా ముందుకు వచ్చినారు. 2022 అక్టోబరులో సౌదీ హజ్ మంత్రి, ఏ దేశపు స్త్రీ అయినా హజ్, ఉమ్రాలకు మహరమ్ లేకుండా రావచ్చునని ప్రకటించినారు. 2023లో జట్టు లేని స్త్రీ కూడా ఒంటరిగా దరఖాస్తు చేసుకోవచ్చునని, అటువంటి వారిని హజ్ కమిటీయే జట్లుగా కూర్చుతుందని నియమం మారింది. ఆ ఏడు మన దేశం నుండి నాలుగు వేలకు పైగా స్త్రీలు ఆ విధంగా హజ్ చేసి వచ్చినారు. వారిలో చాలామంది భర్త పోయినవారు, కొడుకులు లేనివారు. తోడు లేదన్న ఒక్క కారణాన జీవితకాలపు కోరికను మనసులోనే దాచుకొన్నవారు. ఇందులో ఎవరికి ఏది సమ్మతమో వారి వారి ఆలిములను అడిగి తెలుసుకొందురు గాక. హీరా నుండి వచ్చిన ఆ స్త్రీ కథ మాత్రం మాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది.

చేతిలో ఉండవలసినవి

పాతకాలంలో బావులు, విడిదులు ఎట్లాగో ఈనాటి దారికి కూడా కొన్ని ఏర్పాట్లున్నవి. తెలియకపోతే ఉన్నా లేనట్లే. అందుకని మన అక్కచెల్లెళ్ళ కోసం కొన్ని ఇక్కడ చెబుతున్నాము.

బస్సు సంగతి మొదట. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో గుర్తింపుకార్డు చూపితే స్త్రీలకు చార్జీ లేకుండా జీరో టికెట్టు ఇచ్చే ఏర్పాటు అది. చార్జీ డబ్బులు లేవని చదువు మానిపించే కారణం దీనితో తొలగింది. ఇక మిగిలినది భయం ఒక్కటే.

రైలులో దూరప్రయాణానికి మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్ల స్లీపర్ తరగతిలో స్త్రీలకు ఆరు బెర్తుల కోటా ఉన్నది. ఒంటరిగా పోయినా, ఆడవారే జట్టుగా పోయినా, ఏ వయసువారయినా ఆ కోటాలో అడగవచ్చు. 45 ఏళ్ళు దాటినవారికి కింది బెర్తుల కోటా వేరే ఉన్నది. 1989 రైల్వే చట్టం ఇంకొక మంచి మాట చెబుతుంది. మగతోడు లేని స్త్రీ దగ్గర సరయిన టికెట్టు లేకపోయినా, ఆమెను ఎక్కడ పడితే అక్కడ, రాత్రివేళ బండి దించివేయరాదు. ఆమె ఎక్కిన స్టేషనులో గాని, జంక్షనులో గాని, చివరి స్టేషనులో గాని, జిల్లా కేంద్రంలో గాని, అదీ పగటిపూట మాత్రమే దించవలెను. ఒంటరిగా పోయే స్త్రీల కోసం రైల్వే రక్షణ దళం 2020లో మేరీ సహేలీ అనే ఏర్పాటు చేసింది. బండి బయలుదేరేచోట మహిళా సిబ్బంది వచ్చి పలకరించి, జాగ్రత్తలు చెప్పి, దారిలో స్టేషన్లకు కబురందిస్తారు.

ఫోన్లో మూడు నంబర్లు పిల్లలకు కంఠపాఠం చేయించండి. ఏ ఆపదకయినా 112, రైలులో 139, స్త్రీల సహాయానికి 181. మన రాష్ట్ర పోలీసులు 2025 మార్చిలో శక్తి అనే యాప్ కూడా తెచ్చినారు. ఇంకొకటి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపరాదు. దీనిని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

ఇక ఇంటి పెద్దలకు మా మనవి. ఆడపిల్ల మొదటిసారి ఒంటరిగా పోయేముందు, ఆ దారిని ఆమెతో ఒకసారి పోయి చూపించండి. ఎక్కడ దిగాలి, కాంప్లెక్సులో ఏ ప్లాట్‌ఫారం, చివరి బస్సు ఎప్పుడు, ఆలస్యమైతే ఎవరి ఇంటికి పోవచ్చు అన్నీ ముందే అనుకోండి. అన్నిటికంటె ముఖ్యం, దారిలో ఎవడయినా అల్లరి చేస్తే ఇంట్లో చెప్పగలిగే ధైర్యం ఇవ్వండి. చెబితే చదువు మానిపిస్తారన్న భయం ఉన్న పిల్ల చెప్పదు. చెప్పని పిల్లకే ప్రమాదం ఎక్కువ.

తయ్ తెగ పిల్లలు ఎక్కడ?

ఇప్పుడు మొదట ఆపిన సంగతికి వస్తాము. కొంతకాలం క్రిందట ఆ అమ్మాయే తన కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. కూతురు పదవ తరగతి పాసయింది, విశాఖలో కాలేజీ సీటు వచ్చింది. మా ఇంటివారు చాయ్ ఇచ్చినారు. కాసేపు మాటలయ్యాక ఆమె తల వంచుకొని అన్నది. "మాస్టర్ సాబ్, అప్పుడు నన్ను ఒక ఏడాది ఆగమన్నారు. దీన్ని కూడా ఆగమంటారా?"

మాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆనాటి సంగతిలో మేము ఎవరికీ చెప్పని భాగం ఒకటున్నది. వాళ్ళ నాన్న చెప్పిన బస్టాపు కుర్రాళ్ళు ఎవరో మాకు బాగా తెలుసు. వారిలో ఇద్దరు మా తరగతిలో కూర్చొని మా చేత పాఠం చెప్పించుకొన్నవారే. బజారులో కనపడితే "సలాం మాస్టర్ సాబ్" అని చేతులు కట్టుకొని నిలబడేవారు. మేము ఆ పిల్ల తండ్రికి ఆగమని సలహా చెప్పినాము గాని, ఆ ఇద్దరి చెవి పట్టుకొని ఒక్క మాట అడగలేదు. నేరం చేసినవాడిని వదిలి, ఏ నేరం చేయని పిల్లను ఇంట్లో కూర్చోబెట్టినాము. హజ్రత్ అదీ తన తెగవారి గురించి అడిగిన ప్రశ్న మేము మావాళ్ళ గురించి అడగలేదు.

ఆ పూట మేము ఆమెతో, "ఆగవద్దమ్మా, పంపు" అన్నాము. ఊరికే అనలేదు. కాలేజీ తెరిచిన మొదటి వారం మా స్కూలు వేళకు ముందున్న ఉదయపు బస్సులో మేము కూడా ఎక్కి, కొంతదూరం పోయి వెనక్కి వచ్చేవారము. పిల్ల ముందు సీట్లలో, మేము వెనుక. మొదటి రోజు మా పాత విద్యార్థి ఒకడు స్త్రీల సీటులో కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడినాడు. "మమ్మల్ని చూసి కాదురా, ఆమెను చూసి లేవాలి" అన్నాము. బస్సులో వాళ్ళు నవ్వినారు. వాడు కూడా సిగ్గుపడి నవ్వినాడు. ఆ మాట మేము పద్దెనిమిది ఏళ్ళ ముందు అనవలసినది.

ఇప్పుడు మా తరగతిలో మగపిల్లలకు హజ్రత్ అదీ కథ ప్రతి ఏడూ చెబుతున్నాము. కథ చివర, "మీరు అంబారీలో వచ్చే ఆమె దారిలో బావులా, దొంగలా?" అని అడుగుతాము. చిన్నపిల్లలు గట్టిగా "బావులం సార్" అని అరుస్తారు. పెద్దపిల్లలు తల దించుకొంటారు. ఆ తల దించుకోవటం కూడా చదువే.

సొసైటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మనం ప్రతి సంవత్సరం ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు, పుస్తకాలు ఇస్తున్నాము, సంతోషం. దానితోపాటు దారిని కూడా చూడాలి. బస్టాపు దగ్గర దీపం లేకపోతే కార్పొరేషను వారికి అర్జీ పెట్టవలసినది మనమే. ఒకే బస్సులో పోయే పిల్లలను ఒకరికొకరిని పరిచయం చేసి జట్టు కూర్చవలసినది మనమే. పట్నంలో ఉన్న మన సభ్యులలో, ఆలస్యమైన పిల్ల తలుపు తట్టదగిన ఇళ్ళు ఏవో పేర్లు రాసిపెట్టవలసినది మనమే. అన్నిటికీ ముందు, మన కొడుకులను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడవలసినది మనమే. జుబేదా బేగం అంత సంపద మన దగ్గర లేదు. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క బావి తవ్వగలము.

ఆ వారం చివర, శనివారం నాడు, బస్సు దిగేముందు ఆ పిల్ల మా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది. "సార్, సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు. నేను పోగలను."

మాకు కొంచెం చిన్నతనమనిపించింది, చాలా సంతోషమనిపించింది. అల్లాహ్ మన ఆడపిల్లల దారులన్నీ క్షేమంగా ఉంచుగాక. ఆ దారులను క్షేమంగా ఉంచే బుద్ధి మన మగపిల్లలకు, మనకు ప్రసాదించుగాక. ఆమీన్.